నేల తాకని వెన్ను

రత్నశిలా నగరంలో ఆ ఉదయం కోళ్ళు కూశాయి గాని కోట మీద నగారా మోగలేదు. ఏడు ప్రాకారాల మీద రెపరెపలాడే మకరధ్వజాలను చుట్టి తాళ్ళతో కట్టేశారు. రాజవీధిలో ముత్యాల తోరణాలు విప్పి వేపమండలు కట్టారు. పట్టపుటేనుగు నొసటి సింధూరాన్ని మావటివాడు తన పైపంచెతోనే తుడిచేశాడు. పచ్చలు తాపిన గవాక్షాల వెనక రాణివాసమంతా బారులు తీరి కళ్ళొత్తుకుంటోంది. మహారాజు మహీధరవర్మ కిరీటం పక్కన పెట్టి, పాదరక్షలు లేకుండా దుమ్ములో నడిచి వస్తున్నాడు. ఇంతకీ పోయింది యువరాజూ కాదు, సేనాపతీ కాదు. మల్లవీరుడు ఉద్దండమల్లు పోయాడు.

ఏయే దేశాల నుంచి ఎంతమంది జబ్బలు చరుచుకుంటూ వచ్చారో లెక్కలేదు. వచ్చిన ప్రతివాడి వెన్నూ రత్నశిల గోదా మట్టికి అంటుకుంది. ఆయన వెన్ను మాత్రం ఒక్కనాడూ నేల తాకలేదు. నిద్రలో కూడా ఆయన పక్కకు తిరిగే పడుకునేవాడని జనం గొప్పగా చెప్పుకునేవారు. అంతటివాణ్ణి మాయదారి జ్వరం ఒకటి వచ్చి పట్టుకుపోయింది.

గోదా చుట్టూ పాలరాతి మెట్లు. మెట్ల కొసన సింహం తలల స్తంభాలు, వాటి నోళ్ళలోంచి సన్నగా సాంబ్రాణి పొగ. నడుమ ఎర్రమట్టి. పసుపూ మజ్జిగా నువ్వుల నూనే కలిపి తరతరాలుగా తొక్కిన మట్టి అది, పిడికిట పట్టుకుంటే వెన్నలా ఉంటుంది. ఆ మట్టి నడిమధ్య ఉద్దండమల్లును పడుకోబెట్టలేదు, కూర్చోబెట్టారు. వెన్ను వాలిపోకుండా వెనక గంధపు చెక్కల చట్రం ఒకటి నిలబెట్టారు. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది, కుస్తీకి రమ్మన్నట్టు.

ముందు వరసలో నిలబడి ఏడుస్తున్నవాడు గానుగ ఓబన్న. ఉద్దండమల్లు ఒంటికి రాసుకునే నల్లనువ్వుల నూనె ఆడేది అతనే. పోటీకి ముందు కుండెడు నూనె పంపించడం, పోటీనాడు గానుగెద్దును చుట్టాలింట్లో కట్టేసి వచ్చి గొంతు పోయేలా అరవడం, ఇంటికి వెళ్ళి ఆ పట్లన్నీ పెళ్ళాం ముందు దిండు మీద పట్టి చూపించడం, ఇదీ అతని బతుకు. ఆ మహావీరుడితో ఒక్కమాట మాట్లాడి ఎరగడు. మాట్లాడాలనుకున్నప్పుడల్లా నోరు ఎండిపోయేది.

ఏడుస్తున్నాడే గాని ఓబన్న చూపు మాత్రం చుట్టుపక్కలే తిరుగుతోంది. తనకంటే ఎవరు ఎక్కువ ఏడుస్తున్నారో చూడాలి కదా! మిఠాయి అంగడి శెట్టి గుండెలు బాదుకుంటున్నాడు. సాళ్వదేశపు మల్లుడు వచ్చినప్పుడు అవతలివాడి మీద పందెం కాసిన మనిషి, వీడికి ఏడుపేమిటి? నాట్యకత్తె ఒకతె సొమ్మసిల్లి పడిపోయింది. పడేముందు మెత్తటి చోటు చూసుకునే పడిందని ఓబన్న కనిపెట్టాడు. ఆఖరికి మహారాజు కళ్ళు తుడుచుకుంటుంటే కూడా అతనికి కడుపు మండింది. "ఆయన గొడుగు కింద కూర్చుని చూశాడు. నేను ఎండలో నిలబడి చూశాను" అని గొణుక్కున్నాడు.

అతనికి ఒక్కటే ఊరట. సాళ్వుణ్ణి పడగొట్టిన రోజున ఉద్దండమల్లు గెలిచినప్పుడల్లా చేసినట్టే గోదా మట్టి పిడికిలి నిండా తీసి జనం మీదికి విసిరాడు. అది తిన్నగా వచ్చి ఓబన్న నెత్తిన పడింది. తనకోసమే విసిరాడు! ఆ తరవాత చాలా రోజులు ఓబన్న తలంటు పోసుకోలేదు. పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిపోతానని బెదిరిస్తే తప్ప ఆ మట్టి కడగలేదు.

ముసలి వస్తాదు రుద్రభటుడు గోదాలోకి దిగాడు. ఉద్దండమల్లుకు కుస్తీ నేర్పిన గురువు ఆయనే. జనం వైపు తిరిగి అన్నాడు.

"నా బిడ్డ ఓటమి ఎరక్కుండా బతికాడు. చావు చేతిలో ఓడిపోయాడన్న మాట వాడికి రాకూడదు. మన ఆచారం మీకు తెలిసిందే. వాడి చేతిలో చెయ్యి వేసి, తన వెన్ను తానే నేలకు ఆనించి, ఓడిపోయే మనిషి ఒకరు కావాలి. ఆ సాగనంపు కుస్తీ గెలిచి వాడు పైలోకానికి పోతాడు."

ఓబన్న అప్పటికే పంచె కింద కొత్త కాసె బిగించుకుని వచ్చాడు. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఉద్దండమల్లు కోసం ఆడిన ఆఖరి నూనె చిన్న కుండలో పోసి మొలకు కట్టుకున్నాడు. ఇంకెవర్ని పిలుస్తారు? ఒక కాలు మెట్టు మీంచి కిందికి దించాడు కూడా.

"ఆ మనిషి పేరు వాడే చెప్పి పోయాడు" అన్నాడు రుద్రభటుడు. "మందవాహిని రేవులో పడవ నడిపే సంపెంగి."

ఓబన్న కాలు మెట్టుకూ మట్టికీ నడుమ ఆగిపోయింది.

జనంలోంచి పొడుగాటి నల్లటి మనిషి ఒకతె వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, అరచేతుల నిండా పడవ గెడ పట్టి కాసిన కాయలతో, నేరుగా రేవులోంచే వచ్చినట్టుంది. ఆమె కంట్లో తడి లేదు. ఏడవను కూడా ఏడవదు! ఏ పోటీలోనూ ఈ ముఖం చూసిన గుర్తు ఓబన్నకు లేదు. ఎవతె ఇది? ఎక్కణ్ణించి ఊడిపడింది? నూనె ఆడింది నేను, గొంతు చించుకున్నది నేను, చెయ్యి అందుకునేది ఇదా? అతని ఒళ్ళు భగ్గుమంది.

"అన్యాయం నాయనా" అని చెవి దగ్గర ఎవరో అన్నారు. పక్కన ఒళ్ళంతా విభూతి పూసుకున్న జడల సన్యాసి నిలబడి ఉన్నాడు. "నీ కన్నీళ్ళు చూస్తున్నాను. వీళ్ళందరి ఏడుపూ కలిపినా నీ కాలిగోటికి సరిరాదు. కానీ పేరుదేముంది? చెయ్యి ముందు ఎవరందుకుంటే కుస్తీ వాళ్ళది. గోదా ధర్మం నీకు తెలియనిదా?"

ఆ మాట చాలు. సంపెంగి ఇంకా వంగి మట్టి కళ్ళకద్దుకుంటూనే ఉంది, ఓబన్న ఒక్క దూకు దూకాడు. ఆమెను భుజంతో పక్కకు తోశాడు. ఉద్దండమల్లు కుడిచెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. ఎన్నాళ్ళుగానో పట్టుకోవాలనుకున్న చెయ్యి!

పట్టుకున్నవాడు ఓడిపోతే బాగుండేది. ఆ చెయ్యి చల్లగా తగిలేసరికి ఓబన్నకు దుఃఖం ముంచుకొచ్చింది. వదల్లేక గుండెకు హత్తుకుని లాగాడు. తెల్లవారుజామున ఆ ఒంటికి పూసింది అతని నూనే. శవం సర్రున జారింది. పట్టుకోబోయి ఇంకా మీదికి వాలాడు. గంధపు చట్రం ఫెళ్ళున విరిగింది. ఉద్దండమల్లు వెల్లకిలా మట్టిలో పడ్డాడు. రొమ్ము మీద రొమ్ముగా ఓబన్న పడ్డాడు.

అంతా కొయ్యబారిపోయారు. అక్కడితో ఆగినా ఏ వస్తాదో సర్ది చెప్పేవాడేమో. కానీ మెట్ల మీద డోలు కొట్టేవాడున్నాడే, వెన్ను నేలకు తాకితే గెలుపు దరువు వెయ్యడం తప్ప వాడికి మరో విద్య తెలియదు. కన్ను చూసింది, చెయ్యి వేసేసింది. ధిం ధిం తకధిం! కొట్టాక గాని తాను ఏం కొట్టాడో తెలియలేదు, డోలు వదిలేసి నోరు మూసుకున్నాడు. అప్పటికే కుస్తీ ముగిసింది. ఓటమి ఎరగని ఉద్దండమల్లు ఓడిపోయాడు. ఓడించినవాడు గానుగ ఓబన్న.

సన్యాసి పకపక నవ్వాడు. ఆ నవ్వుకు విభూతి పొరలు పొరలుగా రాలింది. జడలు నల్లత్రాచులై భుజాల మీద బుసకొట్టాయి. చెవులకు వేలాడే రుద్రాక్షలు కపాలాలై పళ్ళు ఇకిలించాయి.

"విషకర్ణుడు!" అని జనం హాహాకారాలు చేశారు. నాగతుండ ద్వీపపు మాంత్రికుడి పేరు చెప్పి పిల్లలకు అన్నం పెట్టే ఊరు అది.

"వీడి వెన్ను నేలకు తాకించాలని ఎన్ని మంత్రాలు వేశానో!" అన్నాడు విషకర్ణుడు. "శవమై కూడా లొంగలేదు. ప్రాణంగా చూసుకున్నవాడి చేతికి మాత్రం శవం కూడా అడ్డు చెప్పదట. అందుకే నీ చెయ్యి కావలసి వచ్చింది ఓబన్నా! ఓడినవాడి శవం ఎవరెత్తుకుపోతే వాడి బంటు. సందెదీపం వేళకు వీణ్ణి లేపుతాను. మీ కోట వజ్రద్వారాన్ని మీ వీరుడి చేతే పగలగొట్టిస్తాను."

ఆకాశం చీకటయింది. రెండు తలల గండభేరుండం ఒకటి రెక్కల గాలికి సింహస్తంభాలు ఊగేలా దిగి, ఒక గోట ఉద్దండమల్లు శవాన్నీ, ఇంకో గోట మాంత్రికుణ్ణీ ఎత్తుకుని తూర్పుగా ఎగిరిపోయింది.

"ఆ ద్రోహిని కొరత వెయ్యండి!" అని గర్జించాడు మహీధరవర్మ.

భటులు వచ్చి ఓబన్న రెక్కలు పట్టుకున్నారు. అతను "అయ్యో, వదలండి బాబూ" అంటూ భుజాలు కాస్త విదిలించాడంతే. భటులు గాల్లో గిరికీలు కొట్టి మెట్ల మీద నాట్యకత్తె పక్కన పడ్డారు. ఓబన్న తన చేతుల వంక తానే వెర్రిగా చూసుకున్నాడు. గానుగ రోకలంత లావున కండలు పొంగుతున్నాయి.

"ఆగండి ప్రభూ!" అన్నాడు రుద్రభటుడు. "ఓడినవాడి బలం గెలిచినవాడిది. నా బిడ్డ బలమంతా ఈ దౌర్భాగ్యుడి ఒంట్లో ఉంది. సందెలోగా ఎవరైనా నా బిడ్డ చెయ్యి పట్టి ఓడిపోతే, దరువు పడితే, బలం తిరిగి వాడికే పోతుంది, మాంత్రికుడి పట్టు తెగుతుంది. అయితే ఆ ఓటమి ఈ గోదా మట్టి మీదే జరగాలి."

అప్పటికే సంపెంగి కొంగు పరిచి మట్టి ఎత్తి మూట కట్టేస్తోంది. పడిన దెబ్బకు మోచెయ్యి దోక్కుపోయింది, అది తుడుచుకోను కూడా లేదు.

"పడవ రేవులోనే ఉంది" అంది రాజు వంక చూడకుండానే. "ఈయన్ని కూడా తీసుకుపోతా. గెడ వెయ్యడానికి పనికొస్తాడు."

* * *

మందవాహిని ఆ పూట పేరుకే మందవాహిని. కొండల మీద వాన కురిసి, ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ తామరతూళ్ళనూ చందనపు దుంగలనూ పెకలించుకు వస్తున్నాయి. ఒడ్డున మొగలిపొదల మీద బంగారు రంగు పుప్పొడి తేలుతోంది. పైన కొంగల బారు వెళుతోంది. ఓబన్న గెడ వేస్తే పడవ నీళ్ళ మీద కాక గాల్లో పోయింది. రెండో పోటుకు గెడ విరిగింది. ఇంకోటి అందించి సంపెంగి తిట్టింది.

"నెమ్మదయ్యా! బలం వచ్చింది గాని బుర్ర రాలేదు."

"నువ్వేం మాట్లాడకు" అన్నాడు ఓబన్న. "నువ్వు అడ్డం రాకపోతే ఇదంతా జరిగేదా? అసలు నువ్వెవరు ఆయనకి? ఒక్క కుస్తీకన్నా వచ్చావా?"

"ఒక్కదానికి వచ్చా. సాళ్వుడితో పట్టిన రోజున. పిడికిట మట్టి తీసి నా మీద విసిరాడు."

ఓబన్న చేతిలో గెడ ఆగింది. "అబద్ధం! అది నా మీద విసిరాడు!"

"నీ వెనకాలే నిలబడ్డానయ్యా. నువ్వు ఎగిరెగిరి గంతులేస్తుంటే నాకేం కనపళ్ళేదు. నా మీద విసరబోతే నీ నెత్తి అడ్డమొచ్చింది."

ఇన్నాళ్ళుగా దాచుకున్నది కాస్తా ఒక్క మాటతో సగం లాగేసుకుంది. ఆమెను పడవతో సహా ఎత్తి ఒడ్డుకు విసిరేద్దామా అనిపించింది, విసరగలడు కూడా. దీవికి దారి తెలిసింది ఆమెకే కాబట్టి పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు.

"అవతలి ఒడ్డున ఉన్న తల్లిని చూడ్డానికి నా పడవలోనే వచ్చేవాడు" అంది సంపెంగి. "ఆయనకి నీళ్ళంటే భయం."

"ఎవరికి?"

"ఆయనకే. పడవ కదిలితే కళ్ళు మూసుకుని అంచు పట్టుకునేవాడు. ఒడ్డు వచ్చేదాకా నా చెయ్యి వదిలేవాడు కాదు."

"ఛీ! ఉద్దండమల్లుకి భయమేమిటి? నోటికొచ్చిన కూతలు కుయ్యకు!"

ఓబన్నకు కోపం వచ్చింది నిజమే, కానీ భయపడ్డాడన్నందుకు కాదు. ఆ భయం తనకు ఎందుకు చూపించలేదా అని.

మధ్యాహ్నం తిరిగాక నాగతుండ ద్వీపం కనిపించింది. పడగ విప్పిన పాము ముఖంలా నల్లరాతి కొండ. కొండ నోటి దగ్గర గుహ, గుహ ముందు నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళు ఎందుకు కదలడం లేదో ఓబన్న ఆలోచించేలోపే అద్దం పగిలింది. తాటిచెట్టంత కొండచిలువ పైకి లేచి అతని నడుముకు చుట్టేసుకుంది.

ఓబన్న తోక పట్టుకుని మెలిపెట్టాడు. అది ఇంకో చుట్టు చుట్టింది. తల మీద పిడికిట గుద్దాడు, కోర రాలిపోయింది, అయినా మరో చుట్టు చుట్టింది. ఎంత బలం పెడితే అంత బిగిసింది. పక్కటెముకలు పటపటమన్నాయి.

"బలం పెట్టబోకు, జారిపో!" అని అరిచింది సంపెంగి. పడవ అంచు మీదికి ఎక్కి అతని మొలకు వేలాడుతున్న నూనె కుండ అందుకుంది.

ఓబన్నకు ప్రాణం పోతున్నా ఆ సంగతి తెలిసింది. "వద్దు! అది ఆయనది! ఆఖరి కుండ!"

"ఆయనకోసమేలే" అంటూ కుండ అతని భుజం మీద కొట్టి పగలగొట్టింది. నల్లనువ్వుల నూనె కమ్మటి వాసనతో ఒళ్ళంతా పాకింది. ఓబన్న ఊపిరి బిగబట్టి, చేతులు పైకెత్తి, సాళ్వుడి ఉడుంపట్టులోంచి ఆనాడు ఉద్దండమల్లు ఎలా జారాడో అలాగే జారాడు. ఖాళీ చుట్టల్లోంచి కిందికి దిగి, తోకా తలా కలిపి ముడివేసి, ఆ ముడిని కొండ కొమ్ముకు తగిలించాడు. ఇంటి దగ్గర దిండు మీద అన్నిసార్లు పట్టినందుకు ఆ పట్టు ఇవాళ అక్కరకొచ్చింది.

"చూశావా?" అన్నాడు రొప్పుతూ. "ఇది ఆయన పట్టు. నీకు తెలుసా ఇది?"

"తెలీదు" అంది సంపెంగి. మొదటిసారి ఆమె గొంతులో కాస్త ఉడుకుబోత్తనం వినిపించింది. ఓబన్నకు ఎక్కడలేని హుషారూ వచ్చింది.

* * *

గుహ లోపల స్ఫటిక స్తంభాల మీద నీలి దీపాలు జెర్రుల్లా పాకుతున్నాయి. పైకప్పుకు వేలాడే రాళ్ళలో కెంపులు మెరుస్తున్నాయి. నేల మీద ఎముకల పొడితో వేసిన ముగ్గు, ముగ్గు మధ్య ఉద్దండమల్లు. కప్పులోని కంతలోంచి ఒక ఎండ చార ఏటవాలుగా వచ్చి ఆయన పాదాల దగ్గర పడుతోంది. అది అంగుళం అంగుళం సన్నబడుతోంది. ఎదుటి అరుగు మీద విషకర్ణుడు కళ్ళు మూసుకుని గొణుగుతున్నాడు.

కాలి కింద ఎముక ముక్క ఒకటి చిట్లింది. మాంత్రికుడు కళ్ళు తెరిచాడు.

"వచ్చావా ఓబన్నా? రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి" అంటూ పక్కనున్న ఇనుప గొలుసు లాగాడు. గుహ ద్వారం భళ్ళున మూసుకుంది. గుహంత పైకప్పు బండ ఆ కంతతో సహా గరగరమంటూ కిందికి దిగసాగింది. ఓబన్న చప్పున కిందికి దూరి భుజాలు ఆనించాడు. బండ ఆగింది. అతని మోకాళ్ళు వణికాయి గాని వంగలేదు.

"భేష్! అలాగే మొయ్యి. వదిలితే నలిగిపోతారు. మోస్తూ ఉంటే ఆ ఎండ చార పోతుంది, నీ వీరుడే లేచి నీ పీక నులుముతాడు" అని విషకర్ణుడు నవ్వుతూ కంతలోంచి పైకి పాకిపోయాడు. పైనుంచి మంత్రం మాత్రం వినిపిస్తూనే ఉంది.

ఎండ చార దారమంత అయింది. ఉద్దండమల్లు కనురెప్పలు విడ్డాయి. ఆ కళ్ళలో చూపు లేదు. ఆయన లేచాడు. కుడిచెయ్యి చాచి, ఓబన్న పీక వైపు ఒక్కో అడుగే వేస్తూ వస్తున్నాడు.

సంపెంగి కొంగు ముడి విప్పి గోదా మట్టి నేల మీద పరిచింది. పరిచి ఆగిపోయింది. ఆమెకు అప్పుడు తట్టింది. తాను ఓడిన మరుక్షణం ఓబన్న ఒంట్లో బలం ఉండదు. బండ అతని మీద పడుతుంది, ఆ వెనకే తన మీదా పడుతుంది.

ఓబన్నకూ తట్టింది. పోయే ప్రాణం ఎలాగూ పోతుంది, మరి ఆ చెయ్యి తానే అందుకుంటే? ఎదురుగానే వస్తోంది. ఒక్క చెయ్యి బండ మీంచి తీస్తే చాలు. తీశాడు కూడా. ఆయన వేళ్ళు ఇంకా జానెడు దూరంలో ఉన్నాయి.

"సంపెంగీ" అన్నాడు. "నిజం చెప్పు. నా మాట ఎప్పుడన్నా అన్నాడా? ఒక్కసారన్నా?"

"అన్నాడు."

"నా పేరు తెలుసా ఆయనకి?"

"పేరు తెలీదు. నల్లనువ్వులాయన అనేవాడు. జ్వరంలో ఉండగా వస్తాదు నీ మాటే ఎత్తాడంట. ఈయనే వద్దన్నాడు. 'నల్లనువ్వులాయనకి నా చెయ్యి ఇవ్వకండి. ఆయన వదలడు. నేను పోలేను' అన్నాడు." ఆమె కళ్ళలో ఆ రోజంతా రాని నీళ్ళు అప్పుడొచ్చాయి. "మరి నా చెయ్యి వదిలి పోగలనన్నాడు కదా. నాకేమన్నా గొప్పనుకున్నావా? పొద్దున్నించీ నిన్ను చూసి నేను ఏడుస్తున్నానయ్యా."

ఓబన్న ఆమె వంక చూశాడు. చాచిన చేతి వంక చూశాడు. తన చెయ్యి తీసి మళ్ళీ బండకు ఆనించాడు. అంత బరువు మోసిన మనిషికి ఆ ఒక్క పనే కష్టమనిపించింది.

"పో. పట్టుకో" అన్నాడు. "నీ పేరే చెప్పాడుగా."

సంపెంగి ముందుకు వచ్చి ఆ చల్లటి చేతిలో చెయ్యి వేసింది. పడవలో పట్టుకున్నట్టే పట్టుకుంది.

"ఇదిగో, బద్ధకంగా పడబోకు!" అని అరిచాడు ఓబన్న. "సాళ్వుడు పడ్డట్టు పడు! చూసేవాళ్ళకు నమ్మకం కలగాలి!"

ఆమె పడింది. రెండు భుజాలూ వెన్నూ ఒకేసారి ఎర్రమట్టికి అంటుకునేలా, దుమ్ము లేచేలా పడింది. ఓబన్నకు కూడా వంక పెట్టడానికేమీ దొరకలేదు. కానీ ఏమీ జరగలేదు. ఉద్దండమల్లు చూపులేని కళ్ళతో అలాగే నిలబడ్డాడు. ఎండ చార వెంట్రుకంత మిగిలింది.

దరువు! దరువు పడలేదు. డోలు లేదు, డోలు కొట్టేవాడు లేడు. ఓబన్నవి రెండు చేతులూ బండకే ఉన్నాయి. ఎన్ని గెలుపులకు ఆ దరువు విన్నాడో, దానికి ఎన్నిసార్లు గంతులేశాడో! తన బలం తానే పోగొట్టుకుంటున్నానని తెలిసే కుడికాలు ఎత్తి గుహ నేల మీద కొట్టాడు. ధిం ధిం తకధిం!

ఆ ఆఖరి దెబ్బతోనే ఒంట్లో బలమంతా నూనె ఇంకిపోయినట్టు ఇంకిపోయింది. భుజాలు మళ్ళీ గానుగ ఓబన్న భుజాలయ్యాయి. మోకాళ్ళు మడతపడ్డాయి. బండ గరగరమంటూ దిగింది. ఓబన్న మట్టిలో బోర్లా పడి, తల రెండు చేతులా కప్పుకుని, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

తల మీద మట్టి పడింది. బండ పడలేదు.

పడింది చల్లటి మెత్తటి మట్టి. పసుపూ మజ్జిగా నల్లనువ్వుల నూనే కలిసిన వాసన. ఓబన్న నెమ్మదిగా తలెత్తి చూశాడు. పైన నిగనిగలాడే చెయ్యి ఒకటి ఒంటరిగా ఆ బండను మోస్తోంది. రెండోది ఇప్పుడే మట్టి విసిరి ఇంకా తెరుచుకునే ఉంది. ఉద్దండమల్లు కళ్ళలోకి చూపు వచ్చింది. ఆ చూపు అప్పుడే మెల్లగా మూసుకుపోతోంది కూడా. గెలిచిన వీరుడు ఎక్కువసేపు నిలవడు. పైన మాంత్రికుడి మంత్రం ఆగి బొబ్బ వినిపించింది. కంత దగ్గర రెండు తలల పక్షి రెక్కలు కొట్టుకుంటోంది.

"లేవయ్యా, పాకు!" అని సంపెంగి అతని కాసె పట్టి కంత వైపు లాగింది.

ఓబన్న లేచాడు. పాకేముందు ఓరకంట ఆమె జుట్టు వంక ఒక్కసారి చూశాడు. అక్కడ కూడా మట్టి ఉంది. తన మీద పడినదానికంటే ఒక పిసరు ఎక్కువే ఉంది.